ఎద్దు మొదలు ఎండ వరకు: రాయలసీమ బావుల చరిత్ర

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మించి ఎరుగని అనంతపురం సీమలో, నైరుతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డమై, తూర్పుతీరపు తుఫానుల తేమ తనదాక వచ్చుసరికే తరిగిపోయి, పైన ఎర్రనేలయు దాని క్రింద గట్టిరాయియు తప్ప వేరు ఆధారము లేని పల్లెలు తరతరములుగా నిలిచి బ్రతికినవన్నచో, ఆ బ్రతుకునకు మూలము చెరువులును బావులును. వీనిలో చెరువునకు చరిత్రలో దక్కిన గౌరవము గొప్పది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనము, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను శాస్త్రగ్రంథమువలె ఏకరువు పెట్టుటయే గాక, దినమునకు వేయిమంది కూలీలును నూరు బండ్లును రెండేండ్లపాటు పనిచేసినట్లు లెక్కకూడ చెప్పుచున్నది. రైతు తన చేనిలో తాను త్రవ్వుకొన్న బావికి ఇంతటి శాసనమును ఎవరు వేయింతురు? దాని చరిత్రను బావిగట్టు రాళ్లపై మోకు ఒరిసి పడిన గాళ్లలోను, సర్కారిచ్చిన తక్కావి అప్పుల పత్రములలోను, నిన్నటి కరెంటు బిల్లులలోను వెదకుకొనవలసినదే. అట్లు వెదకగా నాకు తోచినదేమనగా, బావిలో నీరెంత యున్నదన్న దానికంటె, ఆ నీటిని పైకి తెచ్చు శక్తి ఏది, అది ఎప్పుడు అలసిపోవును అన్నదియే ప్రతి తరమునను సేద్యపు హద్దును నిర్ణయించుచు వచ్చినది.

నీటిపట్టును కనుగొను విద్య మనకు చాల పాతది. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును కేవలము ఈ విషయమునకే కేటాయించి, ఏ చెట్టు దగ్గర, ఏ పుట్ట పక్కన, ఎన్ని నిలువుల లోతున జలము పడునో వివరించెను. నేరేడుచెట్టునకు తూర్పున సమీపముగా పుట్ట యున్నచో, చెట్టునకు దక్షిణమున రెండు నిలువుల లోతున తీయని నీరు ఉండునని ఆయన చెప్పిన గురుతు. పుట్టయు, తేమను కోరు చెట్టును భూమిలోని నీటికి సాక్ష్యములన్న ఆ పరిశీలనలో యుక్తి లేకపోలేదు. నేటికిని మన పల్లెలలో అరచేత కొబ్బరికాయ నిలిపికొని చేలగట్లపై నడచు పెద్దలున్నారు. కాయ లేచి నిలుచుటకు కారణమేమైనను, అప్పుచేసి త్రవ్వబోవు రైతునకు ఆ క్షణమున కావలసినది ధైర్యము, దానిని వారు ఇచ్చుచున్నారు. అటుపిమ్మట పని వడ్డెవారిది. గునపము, సమ్మెట, ఉలి, తుపాకిమందు మాత్రమే సాధనములుగా రాతిని పగులగొట్టి, తట్టలకెత్తి, మెట్టుమెట్టుగా పైకి మోసి, చతురస్రముగా దింపిన ఆ విశాలమైన బావులు ఎన్నియో వారి స్త్రీపురుషుల చేతుల కష్టమే. ఒక్కొక్క బావికి రెండు మూడు వేసవులు పట్టుటయు కలదు.

నీటిని తోడుటకు సర్కారుజిల్లాలలో ఏతము, తెలంగాణమున మోట, దత్తమండలములనబడిన మన రాయలసీమలో కపిల అని వాడుక. మోటయు కపిలయు ఒకే యంత్రమునకు రెండు పేర్లు. దాని పొందిక నేటి యువకులలో పెక్కుమంది కన్నులార చూచియుండరు గనుక కొంచెము వివరముగా చెప్పెదను. బావి అంచున రెండు రాతిస్తంభములు, వానిపై అడ్డదూలము, దానికి పెద్ద గిలక. క్రింద గట్టుకు చేరువగా తిరుగు కొయ్యదిండు. లోపలికి దిగునది తోలుబాన, అడుగున దానికి ఏనుగు తొండమువలె పొడుగాటి తోలుగొట్టము. బానకు కట్టిన లావు మోకు పై గిలకమీదుగాను, తొండపు కొసకు కట్టిన సన్నతాడు క్రింది దిండుమీదుగాను వచ్చి, రెండును ఎద్దుల కాడికి చేరును. ఎద్దులు వాలుగా తీసిన దారిలో దిగుచుండగా బాన పైకి లేచును; ఆ ప్రయాణమున తొండము మడతపడి బానతో సమానముగా నిలిచియుండుటచే చుక్క ఒలుకదు. బాన గట్టునకు చేరినంతనే తొండము దిండుమీదుగా ముందుకు సాగి, నీటినంతయు తొట్టిలో వదలును. తాళ్ల పొడవు ఒక్క జానెడు తప్పినను నీరు బావిలోనే పడిపోవును గనుక, ఆ కొలత కుదుర్చుట ఒక నేర్పు. దిగునప్పుడు తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువుకూడ ఎద్దులకు తోడుచేయును. తిరిగి గట్టెక్కునప్పుడు ఎద్దులు ముఖము తిప్పక వెనుకకు వెనుకకు నడచును. తల వెనుక కన్నులు లేని పశువునకు వెన్నుదారిలో ఎగువకు నడచుట నేర్పించిన ఆ సేద్యగాండ్ర ఓర్పును తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును. వేకువజామున మొదలైన ఆ కపిలపాట ఎండ ముదిరి ఎద్దు రొప్పువరకు సాగెడిది; ఎద్దు రొప్పినప్పుడు పని ఆగెడిది, బావి ఊరుకొనెడిది, సాయంకాలము తిరిగి మొదలయ్యెడిది.

ఈ బానను కుట్టినవారిని చెప్పకుండ ఈ కథ చెప్పుట అన్యాయము. చచ్చిన పశువు తోలును తంగేడుచెక్క నీటిలో నానవేసి, పదును పట్టించి, కుట్టి, ఆముదము పట్టించి, చిరిగినప్పుడెల్ల అతికియిచ్చినవారు మాదిగవారు. వారికి కూలి కళ్లమున కొలిచిన మేర. పంట పండని యేట అదియు అంతంతమాత్రమే. ఊరి సేద్యపు నీరంతయు వారు కుట్టిన తోలులోనుండియే పైకి వచ్చుచుండగా, అదే ఊరి మంచినీళ్లబావిలో కడవ ముంచు హక్కు వారికి లేకుండెను. దొరవారి పన్నుల లెక్కలను వ్రాసిన చరిత్రకారులు ఈ సంగతిని ఒక వాక్యమునైనను వ్రాసియుండవలసినది.

నిజాము 1800లో కడప, బళ్లారి సీమలను కంపెనీకి దత్తము చేసిన పిమ్మట 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో కాలమునుండి, బావి అనగా ప్రభుత్వమునకు పన్నుల విషయము. రైతు సొంత ఖర్చున బావి త్రవ్వి మెట్టను తోటగా మార్చినచో పన్ను పెంచవలెనా వద్దా అన్న తర్కము దశాబ్దముల తరబడి సాగెను. దీనికి తీర్పు చెప్పినది కరువు. 1876 నుండి 1878 వరకు నడచిన ధాత కరువులో ఈ సీమ పల్లెలు శ్మశానములైనవి. చెరువులు అడుగంటిన పిమ్మటకూడ కొన్ని లోతుబావుల క్రింద పచ్చదనము మిగిలినదన్న సంగతి అధికారుల కంటబడెను. 1883లో భూమి అభివృద్ధి రుణముల చట్టము వచ్చి, బావులకు తక్కావి అప్పులిచ్చు పద్ధతి స్థిరపడినది. అప్పు దొరకినను అనేకులకు ఎద్దులు లేవు, కరువున అవి ముందే పోయినవి. బావి యుండియు తోడు శక్తి లేకపోవుట అన్న బాధ ఆనాటిది.

సరిగా ఆ కరువుదినములలోనే, 1878లో, బొంబాయిలో విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు, ప్రభుత్వ కొలువున డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండినవాడు, 72 చదునైన అద్దములను ఒక చట్రమున అమర్చి, వానినుండి ప్రతిఫలించిన ఎండనంతటిని ఒక బాయిలరుమీదికి మళ్లించి, ఆవిరి పుట్టించి, రెండున్నర గుర్రపుశక్తిగల ఇంజనుచేత నీరు తోడించెను. ఉష్ణదేశములలో ఇంధనమునకు బదులు సూర్యతాపమును వాడుకొనవచ్చునని అదే సంవత్సరమున పుస్తకమును కూడ ప్రకటించెను. బొగ్గు అగ్గువగా దొరకుచుండిన కాలమున ఆయన మాట ఎవరికి ఎక్కును? ఆ తరువాత 1913లో ఐగుప్తులో, కైరో నగరము చెంత మాదీ గ్రామమున, ఫ్రాంక్ షూమన్ అను అమెరికావాడు పొడవాటి వంపుటద్దములతో నైలునది నీటిని చేలకెక్కించి చూపెను. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధము వచ్చి ఆ ప్రయత్నమును మ్రింగివేసెను. ఎండతో నీరు తోడవచ్చునన్న ఊహ కావున క్రొత్తది కాదు. మన దేశమున ధాత కరువుతో ఈడుజోడైనది.

చెన్నపట్నపు ప్రభుత్వము మాత్రము వేరు త్రోవ పట్టెను. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు బావులకు ఆయిలింజనులను అమర్చి, ఒక్కొక్కటి ఎంత నీరు తోడునో, ఎకరమునకు ఎంత ఖర్చగునో లెక్కకట్టి, ఆ అనుభవమంతయు గ్రంథరూపమున వెలువరించెను. ఆయన విశేషమేమనగా, యంత్రమును పొగడుచునే ఎద్దును మరువలేదు. కపిలబాన నీటిలో నాని త్వరగా చివికిపోవుట చూచి, నీటికి ఓర్చు క్రోము తోలును మద్రాసులో చేయించి, బానలకు ఉపయోగింపజూచెను. తరువాత మన దక్షిణదేశమున పెద్ద పరిశ్రమయైన క్రోము తోళ్ల పనికి ఆరంభములలో ఈ బాన యొకటి. ఇంజనుకు చిక్కొకటి యుండెను. పైన నిలిచిన పంపు నీటిని పీల్చగలిగినది సిద్ధాంతమున పదిమీటర్లకు కొంచెము మీదు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లే, ఏలయన పీల్చునది నిజమునకు పంపు కాదు, నీటిమీద ఒత్తుచున్న గాలియే. రాయలసీమ బావులు అంతకంటె లోతు. అందువలన బావిగోడలో రాతిని చెక్కి మెట్టువంటి అరుగు తీసి పంపును అందు దింపవలసివచ్చెను. వానకాలమున నీరు పెరిగినప్పుడు దానిని పైకెత్తవలె, వేసవిలో మరల దింపవలె. పాత బావులలో ఆ అరుగులు, తుప్పుపట్టిన బోల్టులతో సహా, ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చును.

కరెంటు వచ్చిన పిదప కథ వేగము పుంజుకొన్నది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడుట, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలయుట, స్తంభములు చేలవెంట నడచుట, రైతులు కోయంబత్తూరు మోటార్లను తెచ్చుకొనుట ఒకదానివెంట ఒకటి జరిగిపోయినవి. ఎద్దులు కపిలదారి విడిచినవి. తరువాత రిగ్గు వచ్చెను. 1967లో బీహారు కరువునకై యూనిసెఫ్ దిగుమతి చేసిన గాలిసమ్మెట యంత్రములు గట్టిరాతిని గంటలలో తొలచి చూపిన పిమ్మట, ఆ విద్య దేశమంతట వ్యాపించి, తమిళనాటి తిరుచెంగోడు లారీలు మన పొలిమేరలలో రాత్రింబవళ్లు తిరుగుట మొదలుపెట్టినవి. వడ్డెవారు రెండు వేసవులలో చేసిన పనిని అవి ఒక రాత్రిలో చేసినవి. త్రవ్వుబావి ఎండిపోగా దాని అడుగుననే బోరు వేసిరి. అదియు ఎండగా బావిగోడలోనుండి అడ్డబోర్లు వేసిరి. అటుపైని మున్నూరు, ఐదునూర్లు, వేయి అడుగులు. చీనీ (బత్తాయి) చెట్లను బ్రతికించుకొనుటకు బోరుపై బోరు వేయించి, చివరకు చెట్టును నరికిన రైతుల చేలను చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు.

ధర విషయము మరియు విచిత్రము. 1980వ దశకపు ఆరంభమున మీటరు లెక్క పోయి, గుర్రపుశక్తికి ఏడాదికి 50 రూపాయలని స్లాబు పద్ధతి వచ్చెను. తరువాత ఛార్జీలు పెంచినందుకు రేగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకము ఉచిత విద్యుత్తు దస్త్రముపైననే పెట్టెను. కరువుసీమ రైతునకు అది కేవలము దానము కాదు, కాలువ క్రింది రైతు నదీజలమునకు చెల్లించు స్వల్పపు తీరువతో పోల్చినప్పుడు కొంత సమన్యాయమే అని నా నమ్మకము. అయినను దానితో ఒక హద్దు చెరిగిపోయినది. ఎద్దు రొప్పును, నూనె అయిపోవును; స్లాబు కరెంటునకు అలుపు లేదు. ఆటోమేటిక్ స్టార్టరు బిగించి రైతు ఇంట నిద్రించుచుండగా, కరెంటు వచ్చిన మరుక్షణము మోటారు తనంత తానే తిరుగజొచ్చెను.

ఆ కరెంటైనను కోరిన వేళ వచ్చినదా? ఏడుగంటల సరఫరాను పగలు కొంత, రాత్రి కొంతగా పంచినప్పుడు, రాత్రివంతు వచ్చిన రైతు టార్చిలైటుతో, తడిసిన కాళ్లతో, మళ్లగట్లపై మడవలు మార్చుటకు పోవలసివచ్చెను. పాముకాటు, తడిచేతికి తగిలిన ఫ్యూజుతీగె, ఈ రెండును ఎన్ని ఇండ్లను చీకటి చేసినవో మన పల్లెలలో అందరికిని తెలియును. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినచో పదిమంది రైతులు చందా వేసికొని దానిని బండికెత్తుకొని పోయి బాగుచేయించుకొని వచ్చు లోపల మొక్కజొన్న వాడిపోయెడిది. అందువలననే, ఎండతో నడచు సౌరపంపును గూర్చి రైతునకు మొట్టమొదట నచ్చినది దాని శాస్త్రము కాదు, అది పగలు మాత్రమే పనిచేయుననుట.

ఆ శాస్త్రము ఆడమ్స్ అద్దములది గాదు. వెలుగు తగిలిన కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రాన్సున ఎడ్మండ్ బెకెరెల్ కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సిలికానుతో దానిని ఉపయోగమునకు తెచ్చెను. మన దేశమున 1974లో స్థాపింపబడిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లో తొలి సౌరఘటమును, మరుసటి యేట తొలి పలకను తయారుచేసెను. కేంద్రప్రభుత్వము 1992-93లో సౌరపంపుల కార్యక్రమమును ఆరంభించినను, పలకల ధర ఆకాశమున నుండుటచే అది చాలకాలము ప్రదర్శనవస్తువుగనే మిగిలెను. ధర పడిపోయిన పిమ్మట 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకము, ఖర్చులో కేంద్రము 30 శాతము, రాష్ట్రము 30 శాతము భరించి, మిగిలిన 40 శాతమును రైతు వాటాగా, అందును అధికభాగము బ్యాంకు రుణముగా అమర్చుకొనునట్లు ఏర్పాటు చేసినది.

చేనిలో సౌరపంపును నిలుపు పని చూచుటకు ఇంపుగా నుండును. బోరుకు చేరువగా, చెట్టునీడ పడని చోట, గుంతలు తీసి కాంక్రీటు దిమ్మెలు పోసి, వానిపై ఇనుపచట్రమును బిగింతురు. పలకల ముఖము దక్షిణమునకు; వాలు ఆ స్థలపు అక్షాంశమునకు దగ్గరగా, అనంతపురమైనచో ఇంచుమించు పదునైదు డిగ్రీలు. ఎర్త్‌తీగెకు గుంతలో బొగ్గును ఉప్పును వేసి నీళ్లు పోయుదురు, పిడుగును నేలకు దింపు కడ్డీ నొకదానిని నిలుపుదురు. తరువాత నల్లని గొట్టమును నేలపై పరచి, దాని కొసకు పంపును బిగించి, కేబులును దానివెంట అక్కడక్కడ కట్టుచు, నలుగురు పట్టుకొని మెల్లమెల్లగా బోరులోనికి జార్చుదురు. పంపుతో పాటు ఒక దిట్టమైన తాడునుకూడ దింపుదురు, గొట్టము తెగినను పంపు చేజారకుండుటకై. కంట్రోలరు పెట్టెలో మీట వేసినంతనే మోటారు ఒక్కసారిగా ఉరకదు. పొద్దు ఎక్కినకొలది దాని వేగము పెరుగును: ఏడెనిమిది గంటలకు గొట్టపు నోట సన్నని ధార, పదిగంటలకు నిండుధార, మధ్యాహ్నమునకు పరాకాష్ఠ, మబ్బు నీడ చేనిపై ప్రాకినప్పుడు ధార కుంగి మరల తేరుకొనును. పలకలపై పేరుకొన్న దుమ్మును వారమునకొకసారి తుడువనిచో ధార పలుచబడునని రైతు త్వరలోనే గ్రహించును. మబ్బునాడు ఏమి చేయుట అన్న చింతకు తొట్టియే మందు. విద్యుత్తును నిలువచేయుటకంటె నీటిని నిలువచేయుట చవుక.

పాతకాలపు కపిలతో దీనిని సరిపోల్చి చూడవలెనన్న కోరిక నాకు కలిగినది. నూటయేబది లీటర్ల బాన పదిమీటర్ల లోతునుండి నిమిషమునకొకసారి పైకి వచ్చెననుకొన్నచో ఆ పని విలువ సుమారు 245 వాట్లు, అనగా గుర్రపుశక్తిలో మూడవవంతు. నేటి 330 వాట్ల పలకలు రెండు, వేడికి దుమ్మునకు పోయినది పోగా, మోటారు పంపులలో సగము హరించుకొనిపోగా, మధ్యాహ్నపువేళ ఇంచుమించు అంతే పని చేయును. రెండెడ్లకు రెండు పలకలు! అయిదు హెచ్‌పీ పంపునకు అమర్చు సుమారు 4800 వాట్ల పలకలు ఈ లెక్కన ఏడు జతల ఎద్దులు. కాని అది పదిమీటర్ల బావికి చెప్పిన లెక్క. లోతు మూడింతలైనచో అదే ఎండకు నీరు మూడవవంతే. వేయి అడుగుల బోరు గల రైతునకు ఈ యంత్రము ధారను గాక చుక్కలను ఇచ్చును. నీరు పైపైన ఉన్నవానికే ఎండ చవుకగా తోడిపెట్టును. పథకముల ప్రకటనలలో ఈ మాట వినిపింపక పోవుట నాకు బాధాకరము, ఏలయన ఈ సంగతి తెలియక అప్పుచేసి తన వాటా కట్టువాడు చిన్నరైతే.

నీరు పైపైన ఉన్నచోట వేరొక ప్రమాదమున్నది. ఒకమారు పలక నిలిపిన పిమ్మట ప్రతిదినము వచ్చు ఎండకు ఖర్చు లేదు. పొద్దుపొడుపు నుండి పొద్దుగూకువరకు తోడుటకు అడ్డు చెప్పునది ఏదియు లేదు, బావి తప్ప. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టము బోర్లకు అనుమతులు, దూరములు నిర్ణయించినదే గాని, ప్రతి బోరు దగ్గర కాపలా నిలుచుట ఏ తాసిల్దారునకు సాధ్యము? ఇందుకు మన సీమలోనే మేలైన దారి ఒకటి త్రొక్కబడినది. 2003 నుండి 2009 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో నడచిన భూగర్భజల కార్యక్రమమున, చదువు అంతగా లేని రైతులు, స్త్రీలతో సహా, తమ ఊరి వానను తాము కొలిచి, బోర్లలో నీటిమట్టమును తాము చూచి వ్రాసికొని, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి ఆ యేటి నీటిలెక్కను గోడమీద వేసి, ఏ పంటకెంత నీరు పట్టునో చర్చించి, ఎవరి పంటను వారే నిర్ణయించుకొనిరి. ఎవరిపైనను బలవంతము లేదు, జరిమానా లేదు; లెక్క అందరి కన్నులయెదుట నుండుటచే వరి తగ్గించుకొన్నవారు పెక్కురు.

కుసుమ్ పథకపు మూడవ భాగమున, కరెంటు కనెక్షను గల పంపులకు పలకలు అమర్చి, రైతు వాడుకొనగా మిగిలిన విద్యుత్తును పంపిణీసంస్థకు అమ్ముకొను వీలు కల్పింపబడినది. మోటారును ఆపియుంచినందుకు రైతు చేతికి రూపాయలు వచ్చు ఏర్పాటు ఈ సీమ బావుల చరిత్రలో ఇదివరకు లేదు. కొనుగోలు ధర న్యాయముగా నుండి, బిల్లు జాప్యము లేక చేతికందినచో దీనికి మించిన సాయము చీనీతోటల ఊళ్లకు మరి యుండదని నా అభిప్రాయము. పంపు మంజూరు కాగితమునకు ఆ బోరు లోతును, గడచిన మూడు వేసవుల నీటిమట్టమును తెలుపు పుట నొకదానిని తప్పనిసరిగా జతపరుపవలెనని, ఆ పుటను వ్రాయు పని ఊరి రైతుసంఘమునకే అప్పగింపవలెనని అధికారులకు నా మనవి.